ఒకుదేరా తిరిగి వచ్చిన సంవత్సరం

జపాన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళు విదేశాలకు వెళ్ళిన చరిత్రను ఎవరు చెప్పినా దాదాపు ఒకే చోట మొదలుపెడతారు. 1998 సెప్టెంబరు 13న ఇటలీలోని పెరూజాలో యువెంటస్‌తో మ్యాచ్ జరిగింది. పెరూజా జట్టుకు ఆడుతున్న ఇరవై ఒక్కేళ్ళ హిదెతోషి నకాతా ఇటలీ లీగ్‌లో తన మొదటి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ కొట్టాడు. పెరూజా ఆ మ్యాచ్ 3-4తో ఓడిపోయినా ఆ రెండు గోల్సే జనానికి గుర్తుండిపోయాయి. ఇంకొంచెం వెనక్కి వెళ్ళేవాళ్ళు 1994లో జెనోవా క్లబ్‌కు వెళ్ళిన కజుయోషి మియురా పేరు చెబుతారు. అంతకు పదిహేడేళ్ళ ముందే జర్మనీలో అడుగుపెట్టి తొమ్మిదేళ్ళు ఆడిన యసుహికో ఒకుదేరా పేరు మాత్రం ‘మొదటివాడు’ అనే ఒక్క విశేషణంతో, ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. ఆయన ముందు వెళ్ళారు, దారి వేశారు, మిగిలినవాళ్ళు ఆ దారిన నడిచారు అన్నది ఆ వాక్యానికి అర్థం.

ఈ కథనం ఆయనకు గౌరవం ఇస్తున్నట్టు కనిపిస్తుంది గాని, జరిగినదాన్ని తలకిందులుగా చూపిస్తుందని నా అభిప్రాయం. ఒకుదేరా 1977లో జర్మనీలోని కొలోన్ క్లబ్‌కు వెళ్ళినందువల్ల జపాన్‌లో దారి ఏదీ ఏర్పడలేదు. ఆయన అక్కడ ఆడుతుండగా 1983లో కజువో ఒజాకి బీలెఫెల్డ్ జట్టులో చేరాడు. ఆ ఒక్కడిని మినహాయిస్తే ఆయన వెనకాల చెప్పుకోదగ్గ వరుస అంటూ లేదు. ఆయన తిరిగి వచ్చాక కూడా మియురా ఇటలీ వెళ్ళడానికి మరో ఎనిమిదేళ్ళు పట్టింది. జపాన్ ఫుట్‌బాల్‌ను కదిలించింది ఆయన ప్రయాణంలోని రెండో సగం, అంటే 1986లో స్వదేశానికి తిరిగి రావడం. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే ఆయన ఆటను కొంచెం దగ్గరగా చూడాలి. అంతకంటే ముందు, 1977లో జపాన్‌లో ఫుట్‌బాల్ ఆటగాడు అంటే ఎవరో తెలుసుకోవాలి.

ఆ రోజుల్లో జపాన్‌లో వృత్తి ఫుట్‌బాల్ లేదు. జర్మన్ కోచ్ డెట్‌మార్ క్రామర్ సలహాతో 1965లో మొదలైన జపాన్ సాకర్ లీగ్‌లో ఉన్నవి కంపెనీల జట్లు. మిత్సుబిషి, హిటాచి, యన్మార్, ఫురుకావా ఎలక్ట్రిక్ వంటి సంస్థలు ఆటగాళ్ళను ఉద్యోగులుగా చేర్చుకునేవి. ఆటగాడికి జీతం ఉద్యోగానికి వచ్చేది గాని ఆటకు వచ్చేది కాదు. ఒళ్ళు సహకరించినంత కాలం ఆడి, ఆ తర్వాత అదే కంపెనీలో కుర్చీ వేసుకుని రిటైరయ్యేదాకా పని చేయవచ్చు. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచిన జపాన్ జట్టు కూడా ఇలాంటి ఉద్యోగులతో, విద్యార్థులతో కూడినదే.

ఈ ఏర్పాటు నాకు పుస్తకాల్లో చదివి తెలియలేదు. మా నాన్న సికింద్రాబాదులో రైల్వే ఉద్యోగి, స్పోర్ట్స్ కోటాలో చేరిన ఫుట్‌బాల్ ఆటగాడు. పొద్దున ప్రాక్టీసు, మధ్యాహ్నం నుంచి ఆఫీసు, టోర్నమెంట్ ఉంటే ప్రత్యేక సెలవు. రైల్వే క్వార్టర్స్‌లో ఇల్లు, ఏడాదికి ఇన్ని పాసులు, చివర్లో పింఛను. ఆయనకు ఇరవై ఆరేళ్ళప్పుడు కలకత్తాలోని ఒక పెద్ద క్లబ్ నుంచి పిలుపు వచ్చింది. వాళ్ళు ఇస్తామన్న డబ్బు అప్పటి ఆయన జీతానికి మూడింతలు. ఆయన వెళ్ళలేదు. దీన్ని ఆయన ఎప్పుడూ బాధపడుతూ చెప్పలేదు. వర్షాకాలంలో రైలు ఎందుకు ఆలస్యమవుతుందో వివరించినంత మామూలుగా చెప్పేవారు. మోకాలు పోతే క్లబ్ ఇంటికి పంపిస్తుంది, రైల్వే పంపించదు. అంతే ఆయన లెక్క. కంపెనీ జట్టును వదిలి వెళ్ళడమంటే ఏమిటో ఆ లెక్క విని పెరిగినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఒకుదేరా 1952 మార్చి 12న ఉత్తర జపాన్‌లోని అకితా రాష్ట్రంలో పుట్టి, యొకొహామాలో పెరిగి, 1970లో ఫురుకావా ఎలక్ట్రిక్‌లో ఉద్యోగిగా చేరారు. 1976లో కొన్నాళ్ళు బ్రెజిల్‌లోని పాల్మెయిరాస్ క్లబ్‌లో శిక్షణ పొంది వచ్చారు. ఆ ఏడాది ఫురుకావా లీగ్‌నూ, జపాన్ నాకౌట్ టోర్నమెంటైన చక్రవర్తి కప్పునూ రెండింటినీ గెలిచింది. మరుసటి ఏడాది వేసవిలో జపాన్ జాతీయ జట్టు శిక్షణ కోసం పశ్చిమ జర్మనీకి వెళ్ళినప్పుడు, కొలోన్ జట్టుతో కలిసి ప్రాక్టీసు చేస్తున్న ఈ ఎడమకాలి ఆటగాణ్ణి ఆ క్లబ్ కోచ్ హెన్నెస్ వైస్‌వైలర్ చూశారు. వైస్‌వైలర్ అప్పటికే మొన్షెన్‌గ్లాడ్‌బాఖ్‌ను మూడుసార్లు జర్మన్ విజేతగా నిలిపిన మనిషి. ఆయన తన జట్టులోకి రమ్మన్నారు. ఒకుదేరా వెంటనే ఒప్పుకోలేదు. భార్య, చిన్న బిడ్డ, జీవితాంతం ఉండే ఉద్యోగం ఒకవైపు ఉన్నాయి. భాష తెలియని ఊళ్ళో, అంతవరకు ఏ జపాన్ ఆటగాడూ నిలవని లీగ్‌లో ఒక ఒప్పంద పత్రం మరోవైపు ఉంది. అప్పుడాయనకు ఇరవై అయిదేళ్ళు. మా నాన్న కాదన్న వయసుకు ఒక ఏడాది తక్కువ. చివరికి ఆయన సరే అన్నారు.

ఆ లీగ్‌లో అప్పుడు ఒక జట్టు మైదానంలోకి ఇద్దరు విదేశీయులను మాత్రమే దింపగలిగేది. ఈ నియమాన్ని మరిచిపోయి ఆయన ఆటను అంచనా వేస్తే పొరపాటు పడతాం. ఇప్పుడు బుండెస్‌లీగా (జర్మనీ మొదటి డివిజన్ లీగ్) జట్టులో ముగ్గురు నలుగురు ఆసియా ఆటగాళ్ళున్నా ఎవరూ లెక్కపెట్టరు. 1977లో ఒక జపాన్ ఆటగాణ్ణి తీసుకోవడమంటే, బెల్జియం నుంచో డెన్మార్క్ నుంచో ఇంగ్లండ్ నుంచో రాగల ఒక ఆటగాడి చోటును ఆయనకు ఇవ్వడం. ఆయన పక్కన ఉన్న రోజర్ వాన్ గూల్ అంతకు ముందు ఏడాదే బుండెస్‌లీగా చరిత్రలో పది లక్షల జర్మన్ మార్కుల ధర పలికిన మొదటి ఆటగాడు. పోటీ అటువంటి వాళ్ళతో.

ఆ సీజన్ చివరి రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 1978 ఏప్రిల్ 29. కొలోన్, మొన్షెన్‌గ్లాడ్‌బాఖ్ జట్లు రెండూ సమాన పాయింట్లతో ఉన్నాయి. పాయింట్లు సమానమైతే విజేతను తేల్చేది గోల్స్ తేడా, అంటే కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చుకున్నవి తీసేస్తే మిగిలేది. అందులో కొలోన్ పది గోల్స్ ముందుంది. పది గోల్స్ తేడాను ఒక్క మధ్యాహ్నంలో ఎవరు పూడుస్తారు? కానీ ఆ రోజు గ్లాడ్‌బాఖ్ బోరుస్సియా డార్ట్‌మండ్ మీద సగం ఆటకే ఆరు గోల్స్ కొట్టింది. అదే సమయానికి హాంబుర్గ్‌లో అక్కడి సాంక్ట్ పౌలి జట్టు మీద కొలోన్ కొట్టింది ఒక్క గోల్. రెండో సగంలో గ్లాడ్‌బాఖ్ మరో ఆరు కొట్టి 12-0తో ముగించింది. బుండెస్‌లీగాలో ఇప్పటికీ అంతకంటే పెద్ద గెలుపు లేదు. కొలోన్ 1-0తోనే గెలిచి ఉంటే బిరుదు చేజారిపోయేది. కొలోన్ 5-0తో గెలిచింది. రెండు గోల్స్ హైన్జ్ ఫ్లోహేవి, ఒకటి బెర్న్‌ట్ కుల్మన్‌ది, రెండు ఒకుదేరావి. చివరి పట్టికలో కొలోన్ తేడా 45, గ్లాడ్‌బాఖ్ తేడా 42. ఒకుదేరా గోల్స్ రెండూ తీసేస్తే కొలోన్‌కు మిగిలే ఆధిక్యం ఒకే ఒక్క గోల్.

అంతకు రెండు వారాల ముందే జర్మన్ కప్పు కూడా గెలిచి ఉండటంతో, కొలోన్‌కు ఆ ఏడాది రెండు బిరుదులూ దక్కాయి. కొలోన్ లీగ్ బిరుదు మళ్ళీ గెలవలేదు. ఇప్పటికీ అదే ఆఖరుది. జర్మనీలో అడుగుపెట్టి ఏడు నెలలు నిండకుండానే ఫురుకావా కంపెనీ మాజీ ఉద్యోగి ఈ పని చేసి చూపించారు.

మరుసటి ఏడాది ఏప్రిల్ 11న, యూరప్ దేశాల విజేత క్లబ్‌లు ఆడే యూరోపియన్ కప్ సెమీఫైనల్ మొదటి మ్యాచ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్టుతో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో జరిగింది. 3-2తో వెనకబడి ఉన్న కొలోన్, ఆట చివరి పది నిమిషాల్లో ఒకుదేరాను సబ్‌స్టిట్యూట్‌గా దింపింది. మైదానంలోకి వచ్చిన కొద్ది క్షణాలకే ఆయన కొట్టిన బంతి ఇంగ్లండ్ గోల్‌కీపర్ పీటర్ షిల్టన్ కిందుగా దూసుకుపోయి 3-3 అయింది. యూరోపియన్ కప్‌లో ఒక ఆసియా ఆటగాడు కొట్టిన మొదటి గోల్ అది. ఇంగ్లిషులో ‘సబ్’ అంటే సబ్‌స్టిట్యూటూ అవుతుంది, సబ్‌మెరైనూ అవుతుంది. జపాన్ సబ్ ఫారెస్ట్‌ను ముంచిందన్న శ్లేషతో ఇంగ్లండ్‌లో శీర్షిక పెట్టారు. యుద్ధం ముగిసి అప్పటికి ముప్ఫై నాలుగేళ్ళు. ఒక మనిషి కాలితో చేసిన పనిని చూసినప్పుడు వాళ్ళకు గుర్తొచ్చింది అతని దేశపు జలాంతర్గామి. ఈ సంగతిని సరదాగా చెప్పుకునేవాళ్ళున్నారు. నాకు మాత్రం అది చదివినప్పుడల్లా, ఆయన ప్రతి శనివారం మోస్తున్న బరువేమిటో అర్థమవుతుంది. రెండో మ్యాచ్‌లో కొలోన్ 0-1తో ఓడి ఫైనల్‌కు చేరలేకపోయింది.

1980లో వైస్‌వైలర్ న్యూయార్క్ వెళ్ళిపోయారు. తెచ్చుకున్న కోచ్ పోయాక విదేశీ ఆటగాడి పరిస్థితి ఎలా ఉంటుందో ఏ లీగ్‌లోనైనా చూస్తూనే ఉంటాం. అదే ఏడాది ఒకుదేరా రెండో డివిజన్‌లోకి జారిన హెర్తా బెర్లిన్‌కు మారారు. ఆ జట్టు మళ్ళీ పై డివిజన్‌కు రాలేకపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళ వయసు, కింది డివిజన్, పరాయి దేశం. ఒకుదేరా అక్కడితో ఇంటికి వచ్చేసి ఉంటే ఆయన గురించి ఈరోజు అందరూ చెప్పే ఆ ఒక్క వాక్యమే సరిపోయేది. నన్ను కట్టిపడేసేది ఆ తర్వాత వెర్డర్ బ్రెమెన్ జట్టులో ఆయన ఆడిన అయిదేళ్ళ కథ.

ఆ అయిదేళ్ళ గురించి నాకు మొదట చెప్పింది బ్రెమెన్‌లో మా మెట్ల దారిలో కింది ఇంట్లో ఉండే ముసలాయన. నేను ఆ ఊళ్ళో నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను. వెసర్ నది మలుపులో ఉన్న స్టేడియం మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. ఆయన చిన్నప్పటి నుంచీ వెర్డర్ అభిమాని. ఆటగాళ్ళ పేర్లు చెప్పేటప్పుడు రూడీ ఫోలర్ గోల్స్ గురించి గొంతు పెంచి మాట్లాడేవాడు. ‘ఒకూ’ గురించి మాత్రం గొంతు తగ్గించి, చేత్తో గాలిలో ఒక పొడవాటి గీత గీసి చూపించేవాడు. ఎడమ అంచు వెంబడి, ఈ చివర నుంచి ఆ చివర దాకా, మళ్ళీ వెనక్కి. ఆయనకు ఒకుదేరా గోల్ ఒక్కటీ గుర్తులేదు. ఆ గీత గుర్తుంది.

ఆ గీత వెనక ఉన్న మనిషి కోచ్ ఓట్టో రేహాగెల్. కాకతాళీయమే గాని చెప్పకుండా ఉండలేను: 1978లో గ్లాడ్‌బాఖ్ చేతిలో 12-0తో చిత్తయిన డార్ట్‌మండ్ జట్టుకు కోచ్ ఈయనే. మర్నాడే ఆయన ఉద్యోగం పోయింది. కొలోన్‌ను దాదాపు ముంచబోయిన ఆ పన్నెండు గోల్స్‌ను బెంచీ మీద కూర్చుని చూసిన మనిషి, కొలోన్‌ను గట్టెక్కించిన అయిదింటిలో రెండు కొట్టిన మనిషిని మూడేళ్ళ తర్వాత బ్రెమెన్‌కు తెచ్చుకున్నాడు. తెచ్చుకుని, అంతవరకు ముందు వరుసలో ఆడిన ఆటగాణ్ణి ఎడమవైపు వెనక్కి పంపాడు.

ఇక్కడే చాలామంది ఒకుదేరాను తక్కువ చేస్తారు. దక్షిణ కొరియా నుంచి వచ్చిన చా బూమ్-కున్‌తో పోల్చి చూస్తారు. చా 308 బుండెస్‌లీగా మ్యాచ్‌లలో 98 గోల్స్ కొట్టాడు, రెండు క్లబ్‌లతో రెండుసార్లు యూరప్ క్లబ్‌ల పోటీ అయిన యూఈఎఫ్ఏ కప్ గెలిచాడు. ఒకుదేరా లెక్క 234 మ్యాచ్‌లు, 26 గోల్స్. ఈ అంకెలు పక్కపక్కన పెడితే తీర్పు చెప్పడం తేలికే. చా గొప్ప ఆటగాడనడంలో నాకు ఏ సందేహమూ లేదు. కానీ ఈ కొలత ఒకుదేరాకు వర్తించదు. గోల్స్ కొట్టడానికి తెచ్చుకున్న మనిషిని గోల్స్‌తో కొలవాలి. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో కొత్తగా డిఫెన్స్ నేర్చుకున్న మనిషిని కొలవడానికి నేను చూసే అంకె వేరు. బ్రెమెన్‌లో అయిదు సీజన్లకు మొత్తం 170 లీగ్ మ్యాచ్‌లు. వాటిలో ఒకుదేరా ఆడినవి 159. అయిదేళ్ళలో తప్పిపోయినవి పదకొండు. విదేశీయులకు రెండే చోట్లున్న లీగ్‌లో, రేహాగెల్ వంటి కచ్చితమైన కోచ్ దగ్గర, ముప్ఫై దాటిన ఆటగాడికి ఇది దయతో దొరికేది కాదు. ప్రతి శనివారం జట్టు జాబితా రాసేటప్పుడు, ఇతని చోటులో ఇంకొకరిని పెట్టవచ్చునా అని కోచ్ ఆలోచించి, పెట్టనక్కరలేదని 159 సార్లు నిర్ణయించుకున్నాడని దాని అర్థం.

ఆ బ్రెమెన్ జట్టు ఆ అయిదేళ్ళలో మూడుసార్లు రెండో స్థానంలో నిలిచింది. 1983లో హాంబుర్గ్‌తో సమానంగా 52 పాయింట్లు తెచ్చుకుని గోల్స్ తేడాలో ఓడింది. 1985లోనూ రెండో స్థానమే. 1986లో చివరి ముందు మ్యాచ్‌లో బయర్న్ మ్యూనిఖ్‌ను సొంత మైదానంలో ఓడిస్తే బిరుదు బ్రెమెన్‌దే. ఏప్రిల్ 22 రాత్రి, 0-0గా ఉన్న ఆట ముగింపుకు రెండు మూడు నిమిషాలుందనగా పెనాల్టీ దొరికింది. మీఖాయెల్ కుట్‌జోప్ తన్నిన బంతి కుడి స్తంభానికి తగిలి బయటికి పోయింది. నాలుగు రోజుల తర్వాత స్టుట్‌గార్ట్‌లో బ్రెమెన్ 1-2తో ఓడింది, బయర్న్ 6-0తో గెలిచింది, పాయింట్లు సమానమయ్యాయి, గోల్స్ తేడాలో బిరుదు బయర్న్‌కు వెళ్ళింది. మా ముసలాయన ఈ పెనాల్టీ గురించి చెప్పడం మొదలుపెట్టి ఏనాడూ చివరిదాకా చెప్పలేదు, స్తంభం దగ్గర ఆగిపోయేవాడు. గోల్స్ తేడాతో ఒక బిరుదు గెలిచి, అదే తేడాతో రెండు బిరుదులు పోగొట్టుకున్న ఒకుదేరాకు జర్మనీలో అదే ఆఖరి సీజన్.

ఆయన చెల్లించిన అసలు మూల్యం మాత్రం ఈ పట్టికల్లో కనిపించదు. 1977లో ఒప్పందం మీద సంతకం పెట్టిన నాటి నుంచి 1986 దాకా ఒకుదేరా జపాన్ జాతీయ జట్టుకు ఆడలేదు. ఒక ఆటగాడి జీవితంలో ఇరవై అయిదు నుంచి ముప్ఫై నాలుగు దాకా ఉన్న ఏళ్ళు అవి. జపాన్ ఫుట్‌బాల్ సమాఖ్యకు అప్పట్లో అన్నిటికంటే పెద్ద లక్ష్యం ఒలింపిక్స్. 1980 దాకా ఒలింపిక్స్‌లో వృత్తి ఆటగాళ్ళకు చోటు లేదు. ప్రపంచకప్ అర్హత పోటీల్లో అటువంటి అడ్డు లేకపోయినా, విదేశంలో ఉన్నవాణ్ణి సీజన్ మధ్యలో రప్పించడం అప్పటి ఆలోచనలోనే లేని పని. 1985 అక్టోబరు 26న టోక్యోలో దక్షిణ కొరియాతో జరిగిన మ్యాచ్ జపాన్ వాళ్ళు ఇప్పటికీ మరిచిపోలేదు. మెక్సికో ప్రపంచకప్‌కు జపాన్ అంతకు ముందెన్నడూ లేనంత దగ్గరగా వచ్చిన రోజు అది. కజుషి కిమురా దూరం నుంచి కొట్టిన ఫ్రీకిక్ గోల్ అయినా 1-2తో ఓడిపోయింది. సియోల్‌లో రెండో మ్యాచ్ కూడా 0-1తో పోయింది. ఆ రోజుల్లో జర్మన్ లీగ్‌లో రెండో స్థానంలో నిలుస్తున్న జట్టుకు ప్రతి వారం ఆడుతున్న జపాన్ ఆటగాడు ఆ రెండు మ్యాచ్‌లలోనూ లేడు. కొరియా మాత్రం ప్రపంచకప్‌కు అర్హత సాధించాక చా బూమ్-కున్‌ను జర్మనీ నుంచి పిలిపించి మెక్సికోలో ఆడించుకుంది.

ఒకుదేరా దేశాన్ని వదులుకుని డబ్బు కోసం వెళ్ళాడని అనేవాళ్ళు అప్పుడూ ఉండి ఉంటారు, ఇలాంటి సందర్భాల్లో ప్రతి దేశంలోనూ ఉంటారు. నా దృష్టిలో వదులుకున్నది దేశపు ఫుట్‌బాల్. తన మనుషుల్లో అందరికంటే పైస్థాయిలో ఆడుతున్నవాణ్ణి ఎలా వాడుకోవాలో దానికి తెలియలేదు, ఎందుకంటే అటువంటి మనిషిని ఏ గడిలో రాయాలో దాని పుస్తకాల్లో లేదు. ఉద్యోగి అన్న గడి ఉంది, విద్యార్థి అన్న గడి ఉంది. ఆటే వృత్తి అన్న గడి లేదు.

1986లో ఆయన తిరిగి రావడంతో తేలవలసి వచ్చిన ప్రశ్న సరిగ్గా ఇదే. ఆయన వచ్చింది పాత జట్టు ఫురుకావాకే. కానీ తొమ్మిదేళ్ళు జర్మనీలో జీతం తీసుకుని ఆడిన మనిషిని అమెచ్యూర్ ఉద్యోగిగా నమోదు చేయడం ఎలా? ఆయన వృత్తి ఆటగాడు కాడని ఎవరు ఎవరికి చెప్పగలరు? ఆ ఏడాది జపాన్ సమాఖ్య ‘స్పెషల్ లైసెన్స్ ప్లేయర్’ అనే కొత్త హోదాను సృష్టించింది. ఆ హోదా అందుకున్న మొదటి ఇద్దరు ఒకుదేరా, కిమురా. జపాన్‌లో ఒక ఆటగాడు నేను ఫుట్‌బాల్ ఆడి బతుకుతున్నానని చట్టబద్ధంగా చెప్పుకోగలిగింది అప్పటి నుంచే. ఏడేళ్ళకు, 1993 మే నెలలో, జపాన్ వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన జె లీగ్ మొదలైంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఒకుదేరా రాకపోయినా వృత్తి ఫుట్‌బాల్ వచ్చేదే అంటారు. కొరియా 1983లోనే వృత్తి లీగ్ ప్రారంభించింది, రెండేళ్ళకు అదే కొరియా జపాన్‌ను ఓడించింది, పక్కింటివాళ్ళను చూసి జపాన్ మారక తప్పేది కాదు. యొమియురి, నిస్సాన్ వంటి జట్లలో కొందరు పేరుకు ఉద్యోగులుగా ఉంటూ అప్పటికే ఆటతోనే బతుకుతున్నారు. ఎనభైల చివరలో కంపెనీల దగ్గర డబ్బు పుష్కలంగా ఉంది. ఇవన్నీ నిజమే. జె లీగ్‌ను ఒక్క మనిషి ఖాతాలో వేసేంత తెలివితక్కువ వాదన నేను చేయడం లేదు.

అయితే ఒక నియమం అబద్ధమని అందరికీ తెలిసినా అది ఏళ్ళ తరబడి నిలబడగలదు. పేరుకు ఉద్యోగి అనిపించుకుంటున్నవాడు ఉన్నంత కాలం, ఆ పేరు అందరికీ పనికొస్తుంది: కంపెనీకి, సమాఖ్యకు, ఆ ఆటగాడికి కూడా. ఆ పేరు అంటించడానికి వీలు కానివాడు ఒకడు ఎదురుగా వచ్చి నిలబడినప్పుడు కాగితం మార్చక తప్పదు. కిమురా ఒక్కడే అడిగి ఉంటే నచ్చజెప్పి ఊరుకోబెట్టేందుకు వీలుండేది. బుండెస్‌లీగాలో 234 మ్యాచ్‌లు ఆడి వచ్చినవాణ్ణి ఊరుకోబెట్టలేరు. అందుకే ఆయన కొలోన్ రైలెక్కిన రోజు కంటే టోక్యోలో దిగిన రోజు పెద్దదని అంటున్నాను. వెళ్ళడంతో మారింది ఒక మనిషి జీవితం. వచ్చాక మారింది నియమం.

ముప్ఫై నాలుగేళ్ళ వయసులో వచ్చి ఆయన ఊరికే కూర్చోలేదు. ఫురుకావా ఆ సీజన్‌లోనే ఆసియా క్లబ్ ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆ కప్పు గెలిచిన మొదటి జపాన్ క్లబ్ అదే. జాతీయ జట్టు నుంచి కూడా మళ్ళీ పిలుపు వచ్చింది. 1987లో సియోల్ ఒలింపిక్స్ అర్హత పోటీల్లో జపాన్ గ్వాంగ్‌జౌలో చైనాను 1-0తో ఓడించి, అక్టోబరు 26న టోక్యోలో అదే చైనా చేతిలో 0-2తో ఓడి ఆగిపోయింది. అక్టోబరు 26 జపాన్‌కు కలిసిరాని తేదీ. 1988లో ఒకుదేరా ఆట మానేశారు.

జె లీగ్ మొదటి అధ్యక్షుడు సబురో కవాబుచి ఒకప్పుడు ఫురుకావా ఆటగాడు, డెబ్బైలలో ఆ జట్టు కోచ్. అంటే ఒకుదేరాను ఆఫీసు బల్ల దగ్గరా మైదానంలోనూ చూసినవాడు. ఫురుకావా జట్టే జెఫ్ యునైటెడ్ అయింది. 1993లో ఆ జట్టులో ఆడటానికి జర్మనీ నుంచి ప్రపంచకప్ విజేత పియెర్ లిట్‌బార్‌స్కీ వచ్చాడు. లిట్‌బార్‌స్కీ 1978లో కొలోన్‌లో చేరిన కుర్రాడు, అక్కడ రెండేళ్ళు ఒకుదేరా సహచరుడు. యొకొహామా ఫ్లూగెల్స్ క్లబ్‌ను వేరొక క్లబ్‌లో కలిపేసినప్పుడు, ఒప్పుకోని అభిమానులు సొంతంగా యొకొహామా ఎఫ్‌సీని పెట్టుకున్నారు. 1999లో ఆ క్లబ్ బాధ్యత తీసుకున్నది ఒకుదేరా, మొదటి కోచ్‌గా వచ్చింది లిట్‌బార్‌స్కీ. జర్మనీకి వెళ్ళిన దారి గురించి అందరూ మాట్లాడతారు. ఆ దారిన జర్మనీ నుంచి జపాన్‌కు వచ్చినవాళ్ళ గురించి కూడా మాట్లాడాలని నాకనిపిస్తుంది.

ఆయన 234 మ్యాచ్‌ల జపాన్ రికార్డు 2017 దాకా నిలిచింది. దాన్ని దాటిన మకోతో హసెబె 2020లో చా లెక్కను కూడా దాటి, చివరికి 384 దగ్గర ఆగాడు. హసెబె కూడా మిడ్‌ఫీల్డ్ నుంచి వెనక్కి జరిగి, ముప్ఫై దాటాక కొత్త స్థానం నేర్చుకుని, ఫ్రాంక్‌ఫర్ట్‌లో పదేళ్ళు ఆడినవాడే. ఆ గీత గీసిన మా బ్రెమెన్ ముసలాయన హసెబె ఆట చూసి ఏమనేవాడో అడిగే అవకాశం నాకు రాలేదు. నేను ఊరు వదిలి వచ్చేసిన మరుసటి చలికాలంలో ఆయన పోయాడు.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నకు 1978 నాటి ఆ హాంబుర్గ్ మ్యాచ్ పాత వీడియో చూపించాను. ఇప్పుడాయన మోకాళ్ళు రెండూ బాగాలేవు, కుర్చీలో కూర్చునే చూస్తారు. ఒకుదేరా గోల్స్ రెండూ రెండేసి సార్లు వేయించుకున్నారు. ఫురుకావా కంపెనీ సంగతి, ఉద్యోగం వదిలి వెళ్ళిన సంగతి చెప్పాను. నాన్న తెర మీంచి చూపు తిప్పకుండా, “మరి వాపస్ వచ్చినంక నౌకరీ ఇచ్చిన్రా?” అని అడిగారు. అదే కంపెనీ జట్టులోకి తీసుకున్నారని, అయితే ఉద్యోగిగా కాకుండా ఆటగాడిగా తీసుకున్నారని, దాని కోసం సమాఖ్య కాగితాలే మార్చిందని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ రెండో గోల్ ఇంకోసారి పెట్టమన్నారు.